చేలో జింక, అంచున మంచె: యూరప్ మైదానాల్లో రో జింకల వేట ఎలా నడుస్తుంది

జర్మనీలో మాగ్డెబుర్గ్ నుంచి హాల్బర్‌స్టాట్ వెళ్లే రైల్లో ఫిబ్రవరిలో పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుంటే రెండు వైపులా చూపు ఆనినంత దూరం బల్లపరుపు నేలే కనిపిస్తుంది. ఈ ప్రాంతాన్ని బోర్డె అంటారు. నల్లటి మెత్తటి మట్టి. 1934లో జర్మనీ అంతటా పొలాలకు నేల సారాన్ని బట్టి మార్కులు వేయడం మొదలుపెట్టినప్పుడు నూటికి నూరు ఇచ్చింది ఇక్కడి ఐకెన్‌డోర్ఫ్ ఊరి నేలకే. చలికాలంలో ఆ నల్లమట్టి మీద గోధుమ మొలకలు బెత్తెడు ఎత్తున పచ్చగా పరుచుకుని ఉంటాయి. ఆ పచ్చదనం నడిమధ్యలో బూడిదరంగు మూటల్లా పదిహేనో ఇరవయ్యో ఏవో పడి ఉంటాయి. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది నేను వాటిని గొర్రెలనుకున్నాను. కాపరి కనబడలేదు, కుక్క లేదు, కంచె లేదు. ఇంతలో ఒకటి లేచి నిలబడింది, వెనక భాగం మీద తెల్లటి మచ్చ మెరిసింది, అప్పుడు తెలిసింది అవి జింకలని. అదే పొలం అంచున నాలుగు కర్రల మీద నిలబెట్టిన చిన్న గది ఒకటి ఉంది. మన జొన్నచేలల్లో పిట్టల్ని తోలడానికి వేసే మంచెలాంటిదే, కాకపోతే దీనికి పైకప్పు, తలుపు, మూడు వైపులా కిటికీలు ఉంటాయి. దీని మీద కూర్చునే మనిషి చేతిలో వడిసెల కాదు, తుపాకీ ఉంటుంది.

ఇండియా నుంచి వచ్చిన స్నేహితులకు వీటిని చూపించిన ప్రతిసారీ రెండు మాటల్లో ఒకటి వింటుంటాను. ఒకటి, "ఇంత ముద్దొచ్చే జంతువుని ఎలా చంపుతారు?" రెండోది, సాధారణంగా పొలం ఉన్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్లది: "పంట తినేస్తుంటే చంపక ఏం చేస్తారు?" నిజం చెప్పాలంటే ఈ రెండు మాటలతోనూ ఇక్కడి వేట అర్థం కాదు. నేను కొన్నేళ్లుగా ఊరివాళ్లతో తిరిగి, అడిగి, చదివి అర్థం చేసుకున్నంతవరకు ఈ వేటను నడిపించేవి మూడు: పంటల క్యాలెండర్, భూమి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న, జింకల్ని ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేకపోవడం. వేటగాడి సరదా వీటి తర్వాతే వస్తుంది.

ముందు జంతువు సంగతి. రో జింకను జర్మన్‌లో రే అంటారు, పోలండ్‌లో సర్నా, హంగేరీలో ఓజ్. మేకంత ఉంటుంది, బరువు 20 నుంచి 30 కిలోలు, భుజం దగ్గర ఎత్తు 70 సెంటీమీటర్లు అటూ ఇటూ. మగదానికి జానెడు కొమ్ములు, మామూలుగా ఒక్కో కొమ్ముకి మూడు మొనలు. డచ్ భాషలో మగదాన్ని రేబోక్ అంటారు. ఆ భాష మాట్లాడే వలసదారులు దక్షిణాఫ్రికాలో ఇంకో రకం జింకను చూసి దానికీ ఇదే పేరు పెట్టేశారు, రీబాక్ బూట్ల కంపెనీ పేరు అక్కడి నుంచి తీసుకున్నదే. ఇక్కడ పట్నంవాళ్లలో చాలామంది రో జింక అంటే పెద్ద ఎర్ర దుప్పికి ఆడది అనుకుంటారు. కాదు, రెండూ పూర్తిగా వేరు జాతులు.

దీని పొట్ట గురించి తెలుసుకోవాలి, ఎందుకంటే మిగతాదంతా అక్కడి నుంచే మొదలవుతుంది. ఆవులా దొరికిన గడ్డినంతా మేసి నెమరేసుకుని బతకడం దీనివల్ల కాదు. పొట్ట చిన్నది, ముతక పీచు అరగదు. అందుకని లేత చిగుళ్లు, మొగ్గలు, పూలు, ఆకుకూరలాంటి మొక్కలు ఏరుకుని తింటుంది, కొంచెం తిని పడుకుని నెమరేసి మళ్లీ లేస్తుంది, రోజుకి ఎనిమిది పదిసార్లు ఇదే పని. అసలైతే ఇది అడవి అంచున బతికే జంతువు. చెట్ల నీడ ఒక పక్క, లేత మేత ఒక పక్క ఉండాలి. కానీ మనిషి అడవుల్ని కొట్టి మైదానమంతా పొలం చేశాక, చలికాలమంతా పచ్చగా ఉండే గోధుమ, రేప్‌సీడ్ (పచ్చటి పువ్వు పూసే ఆవ జాతి నూనె పంట) ఎకరాలకొద్దీ వేశాక, ఈ జంతువు అడవిని వదిలి ఏకంగా పొలంలోకే కాపురం మార్చింది. పోలండ్‌లో పొజ్నాన్ దక్షిణాన ఉన్న చెంపిన్ దగ్గర 1970ల్లో పరిశోధకులు ఈ పొలం జింకల్ని ప్రత్యేకంగా గమనించి రాశారు. అడవిలో ఒకటీ రెండూ మూడూ కలిసి తిరిగే జంతువు ఇక్కడ చలికాలంలో ఇరవై ముప్పై మందగా చేరుతుంది, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. కారణం తేలికే: దాక్కోవడానికి పొద లేనప్పుడు ఎక్కువ కళ్లు ఉండటమే రక్షణ. ప్రమాదం కనిపిస్తే అడవి జింక చటుక్కున పొదలోకి దూరుతుంది, పొలం జింక అర కిలోమీటరు పరిగెత్తి ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది. మేత కూడా బాగానే ఉంటుంది. నైరుతి ఫ్రాన్స్‌లో ఒరిన్యాక్ ప్రాంతంలో తూచి చూస్తే అడవిలో ఉన్నవాటికంటే పొలాల మధ్య ఉన్న జింకలు బరువుగా తేలాయి.

ఇప్పుడు క్యాలెండర్. ఈ జింకలు ఎదకు వచ్చేది జూలై ఆఖరు, ఆగస్టు మొదట్లో. పిల్లలు పుట్టేది మే, జూన్ నెలల్లో. మధ్యలో పది నెలలు! మేకంత జంతువుకి పది నెలల గర్భమేమిటని పూర్వం తల బద్దలు కొట్టుకున్నారు. 1854లో బిషోఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని వివరంగా రాశాడు: ఆగస్టులో కట్టిన పిండం గర్భసంచి గోడకి అంటుకోకుండా, దాదాపు పెరగకుండా, డిసెంబర్ ఆఖరు దాకా అలా ఉండిపోతుంది, ఆ తర్వాతే అసలు ఎదుగుదల మొదలవుతుంది. దానివల్ల మగవాటికి ఒంట్లో బలం బాగా ఉన్న ఎండాకాలంలో జత కట్టడం, లేత మేత దొరికే వసంతంలో పిల్లల్ని కనడం రెండూ కుదురుతాయి. అద్భుతమైన ఏర్పాటు, కానీ గట్టిగా బిగించిన ఏర్పాటు. ఫ్రాన్స్‌లో షాంపేన్ ప్రాంతంలోని త్రువా ఫోంతెన్ అడవిలో 1985 నుంచి 27 ఏళ్లపాటు పిల్లలు పుట్టిన తేదీలు రాసి పెట్టుకుంటే, వేడి పెరిగి చిగుళ్లు ముందుకు జరిగినా జింకల కాన్పులు మాత్రం జరగలేదని తేలింది. వాటి శరీరం ఎండని కాదు, పగటి పొడవుని చూసి నడుస్తుంది.

పొలం మీద ఈ రెండు తేదీలూ రెండు పెద్ద పనులతో ఢీకొంటాయి. పిల్లలు పుట్టే మే నెలలోనే పశుగ్రాసం మొదటి కోత. దాని సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా దగ్గరైన విషయం అదే. రెండోది, ఎదకు వచ్చే జూలై ఆఖరులోనే గోధుమ కోతలు. మే నుంచి జూలై దాకా నడుం ఎత్తు గోధుమలో, మనిషి ఎత్తు రేప్‌సీడ్‌లో జింక ఉందో లేదో దేవుడికే తెలియాలి. చెవుల కొనలు కనిపిస్తే గొప్ప. అలాంటిది మూడు నాలుగు రోజుల్లో కోత మిషన్లు వచ్చి 50 హెక్టార్ల మడిని నున్నగా గొరిగేస్తాయి. తూర్పు జర్మనీలో 1952 నుంచి సమష్టి వ్యవసాయం కింద చిన్న కమతాలన్నీ కలిపేశారు కాబట్టి ఇక్కడ మడులు మరీ పెద్దవి, గట్లూ పొదలూ తక్కువ. నిన్నటిదాకా ఇల్లూ వాకిలీ అయిన చేను ఇవాళ లేదు. జర్మన్ వేటగాళ్లు దీన్ని కోత షాక్ అంటారు. సరిగ్గా అప్పుడే మగవి ఆడవాటి వెంట పడి ఒళ్లు తెలియకుండా తిరుగుతుంటాయి. వేటగాడు బీచ్ చెట్టు ఆకునో లిలాక్ ఆకునో రెండు బొటనవేళ్ల మధ్య బిగించి ఊదుతాడు, ఆడ జింక సన్నగా పీకినట్టు పిలిచే పిలుపు వస్తుంది, అది విని మగది వెతుక్కుంటూ వస్తుంది. అందుకే ఈ వేటకి ఆకువేట అని పేరు. ఇప్పుడు కర్ర ఈలలు, రబ్బరు ఈలలు అమ్ముతారు, కానీ ఆకుతో ఊదగలిగినవాళ్లంటే ఊళ్లో ఇప్పటికీ మర్యాద ఉంది.

వేట రోజులు దేశాన్ని బట్టి మారతాయి. జర్మనీలో మగవాటికి రాష్ట్రాన్ని బట్టి ఏప్రిల్‌లోనో మేలోనో మొదలవుతుంది, ఆడవాటికి ఎక్కువగా సెప్టెంబర్ నుంచి జనవరి దాకా. పోలండ్‌లో మగవి మే 11 నుంచి సెప్టెంబర్ 30 వరకు, ఆడవి అక్టోబర్ 1 నుంచి జనవరి 15 వరకు. హంగేరీలో ఏప్రిల్ 15నే మొదలు. డెన్మార్క్‌లో మే 16 ఉదయం అంటే వేటగాళ్లకి పండగ, ముందురోజు రాత్రి నిద్ర పట్టదు. ఇంగ్లండ్‌లో మగవాటికి ఏప్రిల్ నుంచి అక్టోబర్, ఆడవాటికి నవంబర్ నుంచి మార్చి. గమనించండి, చాలాచోట్ల మగవాటికి వేరే కాలం, ఆడవాటికి వేరే కాలం. ఆడవి పిల్లల్ని కని పాలిచ్చే నెలల్లో వాటి జోలికి పోకూడదు. జర్మనీలో అయితే పిల్లలు తమంతట తాము బతకగలిగేదాకా తల్లిని కాల్చడం జరిమానాతో పోయేది కాదు, నేరమే.

ఇక కొమ్ములు. ఈ వేట ఎక్కువ దారి తప్పింది ఇక్కడే అని నా అభిప్రాయం. రో జింక మగది అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య కొమ్ములు రాల్చి, చలికాలమంతా మఖ్మల్‌లాంటి చర్మం కింద కొత్తవి పెంచుకుని, వసంతంలో ఆ చర్మాన్ని చెట్లకేసి రుద్ది వదిలించుకుంటుంది. మిగతా జింకలు చాలావరకు ఎండాకాలంలో కొమ్ములు పెంచుకుంటే ఇది గడ్డకట్టే చలిలో పెంచుకుంటుంది. అంటే కొమ్ము ఎంత పెద్దదవుతుందన్నది చలికాలంలో ఏం తిన్నదన్నదాని మీద బాగా ఆధారపడుతుంది. హంగేరీ మైదానంలో, ముఖ్యంగా సోల్నోక్ చుట్టుపక్కల, యూరప్‌లోకెల్లా బలమైన కొమ్ములు వస్తాయని ప్రసిద్ధి. నల్లరేగడిలాంటి సారవంతమైన మట్టి, చలికాలమంతా పచ్చని పంట ఉంటే రాక ఏం చేస్తాయి? అక్కడికి జర్మనీ, ఆస్ట్రియా, ఇంకా దూర దేశాల నుంచి డబ్బు కట్టి వచ్చి కాలుస్తారు. ధర కొమ్ముల బరువుని బట్టి, గ్రాముల లెక్కన. అంతర్జాతీయ కొలతల్లో 105 పాయింట్లు దాటితే కాంస్యం, 115 దాటితే వెండి, 130 దాటితే బంగారు పతకం.

దీని వెనక వందేళ్ల నమ్మకం ఒకటి ఉంది: నాసిరకం కొమ్ములున్న మగవాటిని ముందే కాల్చేస్తే జాతి బాగుపడుతుందని. 1934లో నాజీ ప్రభుత్వం తెచ్చిన వేట చట్టం దీన్ని దేశమంతటికీ రూలుగా మార్చింది. ఎన్ని కాల్చాలో ప్లాను, కాల్చిన ప్రతి మగదాని కొమ్ములూ తెచ్చి చూపించే ప్రదర్శన. యుద్ధం పోయింది, ప్రభుత్వం పోయింది, ఆ ఆలోచన మాత్రం దశాబ్దాల పాటు నిలిచింది. కానీ రో జింక కొమ్ము మేతని బట్టి, చలిని బట్టి, ఆ చోట ఎన్ని జింకలు కిక్కిరిసి ఉన్నాయన్నదాన్ని బట్టి ఒకే జంతువులో ఏడాదికో రకంగా మారుతుంది. నిరుడు సన్నగా ఉన్నది ఈ ఏడు దిట్టంగా రావచ్చు. కొమ్ము చూసి మంచి జాతి, చెడ్డ జాతి అని తేల్చడం ఒక ఏడాది దిగుబడి చూసి రైతుకి సేద్యం తెలుసో లేదో చెప్పడం లాంటిది.

పైగా జింకల సంఖ్య తగ్గాలంటే మగవాటిని కాలిస్తే లాభం లేదు. ఒక్క మగది చాలా ఆడవాటితో జత కడుతుంది, ఆడది ఎక్కువగా కవలల్ని కంటుంది. సంఖ్య ఆడవాటి చేతిలో ఉంటే వేటగాడి మనసు మగదాని తలమీద ఉంది. మే నెల సాయంత్రం మంచె మీద కూర్చుని ఎర్రగా మెరిసే మగ జింక కోసం ఎదురుచూడటానికి అందరూ ముందుకొస్తారు. నవంబర్ చలిలో, పొద్దు నాలుగున్నరకే వాలిపోయే రోజుల్లో, పిల్లతో వచ్చిన ఆడదాన్ని గురి చూడటానికి రారు. అక్కడ పాటించాల్సిన పద్ధతి కూడా కఠినమైనది: ముందు పిల్లని కాల్చాలి, ఆ తర్వాతే తల్లిని. తల్లిని ముందు కాలిస్తే పిల్ల అనాథై చలికాలంలో చిక్కి చచ్చిపోతుంది, బతికినా గిడసబారిపోతుంది. వినడానికి గుండె కలుక్కుమంటుంది. కానీ ఈ పని చేయకుండా మగవాటిని మాత్రమే కాల్చి నేను జింకల్ని అదుపులో పెడుతున్నానంటే దాన్ని నేను నమ్మను.

అసలు ఎన్ని జింకలున్నాయి? ఇది తేలితే సగం గొడవ తీరుతుంది, తేలదు. డెన్మార్క్‌లో కాలో అనే ఎస్టేట్‌లో 1950లో అక్కడి రో జింకలన్నిటినీ కాల్చి కొత్తవాటితో మళ్లీ మొదలుపెడదామనుకున్నారు. బాగా తెలిసిన చోటు, రోజూ తిరిగే మనుషులు, వాళ్ల అంచనా సుమారు 70. కాల్చడం అయిపోయేసరికి లెక్క 213. మూడు రెట్లు! అప్పటి నుంచి వేట గురించి ఎక్కడ చర్చ జరిగినా ఈ అంకె వస్తుంది, రావాలి కూడా. ఆఫీసులో కూర్చుని ఇన్నే ఉన్నాయి కాబట్టి ఇన్నే కాల్చండి అని ప్లాను రాయడం ఎంత కష్టమో అది చెప్తుంది. జర్మనీలో కొన్ని రాష్ట్రాలు రో జింకకి ఆ ప్లానే తీసేశాయి. మొక్కల చిగుళ్లు ఎంత కొరుకుడు పడ్డాయో చూసి, జింకల బరువు చూసి నిర్ణయించుకోమన్నాయి. దేశం మొత్తం మీద ఇప్పుడు ఏటా 12 లక్షల పైచిలుకు రో జింకలు లెక్కలోకి వస్తున్నాయి. అందులో కాల్చినవే కాదు, రోడ్డు మీద చచ్చినవీ ఉంటాయి, ఆ ఒక్క పద్దే సుమారు 2 లక్షలు. వసంతంలో కుర్ర మగవాటిని పెద్దవి తమ ఇలాకా నుంచి తరిమేస్తాయి, అవి దిక్కు తెలియక హైవే ఎక్కుతాయి. ఇక్కడ కొత్తగా కారు నడిపే తెలుగువాళ్లకి ఒక మాట: ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున, సంధ్యవేళ పొలాల మధ్య రోడ్డు మీద ఒకటి దాటితే బ్రేకు మీద కాలు తీయకండి, వెనకాల ఇంకోటి ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు, భూమి. 1848 దాకా జర్మన్ రాజ్యాల్లో వేట దొరల హక్కు. రైతు చేలోకి దొర జింకలు, దుప్పులు, అడవిపందులు వచ్చి మేస్తే రైతు చేయి కట్టుకుని చూడాలి, వేట రోజున దొర వెనకాల డప్పు కొట్టి జంతువుల్ని తోలాలి. 1848 విప్లవంలో జనం మొదట కొల్లగొట్టిన హక్కుల్లో ఇదొకటి. ఎవరి భూమి మీద వేట వాళ్లదే అయింది. అయితే రెండేళ్లు తిరక్కముందే ఇంకో సమస్య వచ్చింది. ప్రతి చిన్న కమతం మీదా ఒక తుపాకీ, కదిలిన ప్రతిదాన్నీ కాల్చేస్తున్నారు. అందుకని 1850లో ప్రష్యా ఒక ఉపాయం చేసింది: హక్కు భూమి యజమానిదే, కానీ ఆ హక్కును వాడుకోవాలంటే కనీసం ఇంత విస్తీర్ణం ఉండాలి అన్నది. నేటికీ పునాది అదే. ఒకరి పేరునే 75 హెక్టార్లు ఒక్క ముక్కగా ఉంటే అది వాళ్ల సొంత వేట పరగణా. లేకపోతే ఊళ్లో భూమి ఉన్నవాళ్లందరూ, అర ఎకరం వాళ్లతో సహా, ఊరి వేట సంఘంలో సభ్యులు. దాని కింద కనీసం 150 హెక్టార్లు ఉండాలి. ఆ సంఘం వేటని కౌలుకిస్తుంది. మన దగ్గర చెరువులో చేపల హక్కు పాట పాడుకున్నట్టే, ఇక్కడ చేలో జింకల హక్కు, సాధారణంగా తొమ్మిదేళ్లకో అంతకంటే ఎక్కువకో. ఓటింగ్‌లో ఒక చక్కటి ఏర్పాటుంది: తీర్మానం నెగ్గాలంటే హాజరైన తలల్లోనూ మెజారిటీ రావాలి, వాళ్ల భూమి లెక్కలోనూ మెజారిటీ రావాలి. పెద్ద రైతు ఒక్కడే తొక్కేయలేడు, చిన్నవాళ్లంతా ఒక్కటై అతన్ని పక్కకీ నెట్టలేరు.

కౌలుకి తీసుకున్న వేటగాడికి కష్టం కూడా అంటుకుంటుంది. జింకలు, పందులు పంట పాడుచేస్తే చట్టప్రకారం నష్టపరిహారం సంఘం కట్టాలి, ఒప్పందంలో సాధారణంగా దాన్ని కౌలుదారు మీదికి తోస్తారు. రైతు చూసిన వారం లోపు ఫిర్యాదు చేయాలి, లేకపోతే డబ్బు రాదు. పోలండ్‌లో, హంగేరీలో లెక్క వేరు. అక్కడ అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి, వేట పరగణా కనీసం 3000 హెక్టార్లు. ఇంగ్లండ్‌లో జింక ఎవరి ఆస్తీ కాదు, ఎవరి భూమి మీద ఉంటే కాల్చే హక్కు వాళ్లది. ఆ ఇంగ్లండ్‌లోనే రో జింక ఒకప్పుడు దాదాపు అంతరించిపోయింది, 1800లో డోర్సెట్‌లో, 1884లో జర్మనీ నుంచి తెచ్చి థెట్‌ఫర్డ్‌లో మళ్లీ వదిలారు.

మరి నా పొలంలో వేట నాకు ఇష్టం లేదు అంటే? చాలాకాలం కుదరదన్నారు. ఫ్రాన్స్‌లో కొందరు చిన్న యజమానులు కోర్టుకెళ్తే 1999లో, జర్మనీలో ఒకాయన వెళ్తే 2012లో, స్ట్రాస్‌బుర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం వాళ్ల పక్షానే చెప్పింది: మనస్సాక్షికి విరుద్ధంగా వేటను తన నేల మీద భరించమని బలవంతపెట్టడం ఆస్తి హక్కుని కాలరాయడమే. జర్మనీ మరుసటి ఏడాదే చట్టం మార్చింది. నాకు ఈ తీర్పు సబబే అనిపిస్తుంది. అయితే చేలో చిల్లులు పడ్డట్టు అక్కడో ముక్క ఇక్కడో ముక్క వేట లేకుండా పోతే జింకలు తుపాకీ మోత మొదలవగానే అక్కడికే చేరతాయని, పక్క రైతు మొక్కలు తింటాయని ఊళ్లో అనేవాళ్ల మాట కూడా నిజమే. ఈ తగవు తీరలేదు.

ఇంతకీ పొలంలో రో జింక చేసే నష్టం ఎంత? నిజాయితీగా చెప్పాలంటే తక్కువ. చేనంతా తిరిగి అక్కడో చిగురు ఇక్కడో చిగురు కొరుకుతుంది, దిగుబడిలో పెద్దగా తెలియదు. చేలని దున్నిపారేసేది అడవిపంది. రో జింకతో అసలు నష్టం కొత్తగా నాటిన చెట్లకి: ఓక్, ఫర్ మొక్కల తలలు ఏటా కొరికేస్తే ఆ చెట్టు పైకి లేవదు. పండ్ల తోటల్లో, ద్రాక్ష తోటల్లో కూడా. మైదానంలో మిగిలిన చిన్న చిన్న తోపులు బతకాలంటే జింకలు మరీ ఎక్కువ కాకూడదు, వాటిని తినే జంతువులేమో చాలాచోట్ల లేవు. నక్క పిల్లల్ని ఎత్తుకుపోతుంది, అంతే. 2000లో పోలండ్ సరిహద్దు దగ్గర తోడేళ్లు మళ్లీ జర్మనీలో పిల్లల్ని పెట్టాయి, ఆ ప్రాంతంలో వాటి తిండిలో సగం దాకా రో జింకే అని తేలింది, కాబట్టి కొన్నిచోట్ల లెక్క మారుతోంది. కానీ మిగతాచోట్ల పంట కాపాడటానికే కాలుస్తున్నాం అని వేటగాళ్లు చెప్పుకునే మాట పూర్తి నిజం కాదు. మాంసం కోసం, కొమ్ము కోసం, తోపుల కోసం, రోడ్ల కోసం, తాతల నాటి అలవాటు కోసం, అన్నీ కలిపి. దాన్ని అలాగే చెప్పుకుంటే బాగుంటుందని నా కోరిక.

మన దగ్గర కర్నూలు వైపు, నారాయణపేట వైపు కృష్ణజింకలు మందలుగా చేలల్లో పడితే రైతు ఏడుపు వేరు. అక్కడ మొలక దశలోనే చేను పోతుంది, జంతువేమో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి రక్షణలో ఉంది, ముట్టుకోకూడదు. ముట్టుకోకూడదన్నదాన్ని నేను సమర్థిస్తాను, ఎందుకంటే ప్రపంచంలో కృష్ణజింకకి ఉన్న పెద్ద చోటు మనదే. యూరప్‌లో రో జింకలు కోటికి పైగానే ఉన్నాయి. కాబట్టి ఇక్కడి పద్ధతి అక్కడికి ఎత్తుకుపోలేం. ఒక్కటి మాత్రం చూసి నేర్చుకోదగ్గది అనిపిస్తుంది: నష్టానికి ఎవరు బాధ్యులో, ఎన్ని రోజుల్లో ఎవరి దగ్గరికి వెళ్లాలో ఊరి స్థాయిలోనే రాసిపెట్టి ఉండటం.

మంచె దగ్గరికి మళ్లీ వస్తాను. అంత ఎత్తున ఎందుకు కూర్చుంటారు? జింకకి వాసన తగలకుండా, ఎక్కువ దూరం కనిపించేలా అనుకుంటాం, అవీ నిజమే. కానీ మైదానంలో అసలు కారణం తూటా. వేట తుపాకీ తూటా తగలాల్సింది తగలకపోతే 5 కిలోమీటర్ల దాకా పోవచ్చు. కొండప్రాంతంలో జింక వెనకాల కొండ ఉంటుంది, తూటా మట్టిలో దిగిపోతుంది. ఇక్కడ జింక వెనకాల ఆకాశం, ఆ ఆకాశం కింద ఎక్కడో ఒక ఊరు. మూడు నాలుగు మీటర్ల ఎత్తు నుంచి కిందికి కాలిస్తే జింకని దాటిన తూటా నేలలోకే పోతుంది. మా ఊరి ముసలాయన ఒకాయన మంచె దిగి వచ్చి ఇవాళ మూడు కనిపించాయి, ఒక్కదాని వెనకా మట్టి లేదు అన్నాడు, ఉత్త చేతులతో ఇంటికెళ్లిపోయాడు. రో జింకని జర్మనీలో చిన్న గుళ్ల తుపాకీతో కాల్చకూడదు, 100 మీటర్ల దగ్గర కనీసం 1000 జౌల్‌ల (శక్తిని కొలిచే ప్రమాణం) బలం ఉన్న తూటాతోనే కాల్చాలి, రాత్రి కాల్చకూడదు. గాయపడి పారిపోతే శిక్షణ పొందిన కుక్కతో వెతకాలి. లైసెన్సు పరీక్షలో జంతుశాస్త్రం, చట్టం, మాంసం పరిశుభ్రత అన్నీ అడుగుతారు, కొందరు మొదటిసారి తప్పుతారు.

మనిషి పంట మారిస్తే జింకకేమవుతుందో చూపించే కథ ఇంకోటి ఉంది. రేప్‌సీడ్‌లో పూర్వం ఘాటు పదార్థాలు ఎక్కువ, జింక కాస్త కొరికి వదిలేసేది. నూనె, పిండి బాగుండాలని 1980ల్లో ఆ ఘాటు తీసేసిన కొత్త రకాలు వేశారు. జింకలకి భలే నచ్చింది. 1986–87 చలికాలంలో ఆస్ట్రియాలో, దక్షిణ జర్మనీలో అదొక్కటే తిన్న జింకలు గుడ్డివైనట్టు తూలుతూ, మనుషులకి భయపడకుండా రోడ్ల మీదికి వచ్చి చచ్చిపోయాయి. ఆ మొక్కలో ఉన్న ఒక గంధకపు పదార్థం ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. కొంచెం తింటే ఏం కాదు, పొట్ట నిండా అదే అయితే ప్రాణం పోతుంది. ఎవరూ చంపాలని చంపలేదు. చుట్టూ ఇంకో పచ్చిమొక్క లేకపోవడమే చంపింది.

ఇక మే నెల. జింకపిల్లకి పుట్టిన మొదటి రెండు మూడు వారాలు పారిపోవడం రాదు. ప్రమాదం వస్తే నేలకి అతుక్కుని కదలకుండా పడుకుంటుంది. వాసన దాదాపు ఉండదు, నక్క పక్కనుంచి పోయినా తెలియదు. వేల ఏళ్లుగా పనిచేసిన ఆ ఉపాయం ట్రాక్టర్ ముందు పనిచేయదు. తొమ్మిది మీటర్ల వెడల్పు కోత యంత్రం వస్తుంటే కూడా అది అలాగే పడుకుంటుంది. డ్రైవర్‌కి కనిపించదు. తెలిసి కోయడం జంతు సంరక్షణ చట్టం కింద నేరం కాబట్టి రైతు ముందే వేటగాడికి ఫోన్ చేస్తాడు. 2021 నుంచి వేడిని పసిగట్టే కెమెరా ఉన్న డ్రోన్లు కొనడానికి కేంద్ర ప్రభుత్వం సాయం చేస్తూ వచ్చింది, దాంతో ఊరూరా గుంపులు తయారయ్యాయి. రెండేళ్లుగా నేనూ వెళ్తున్నాను. తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెట్టాలి, ఎండ తగిలి నేల వేడెక్కితే తెర మీద రాయికీ పిల్లకీ తేడా తెలియదు. తెర మీద తెల్లటి చుక్క కనిపిస్తే పైలట్ దారి చెప్తాడు, కుడికి రెండడుగులు, ఇంకొంచెం, ఆగు. మోకాలెత్తు గడ్డి తడికి ప్యాంటు అతుక్కుపోతుంది. వంగి చూస్తే అరచేతులంత జంతువు, వీపు మీద తెల్లచుక్కలు, కళ్లు తెరిచే ఉంటాయి, ఊపిరి తప్ప ఏమీ కదలదు. చేతికి గ్లవ్స్, దాని మీద పిడికెడు గడ్డి, మన వాసన అంటకూడదు. ఎత్తి పెట్టెలో పెట్టి, పొలం అంచున నీడలో ఉంచి, కోత అయ్యేదాకా కాపలా.

నిరుడు మేలో ఒక పొలంలో కవలలు దొరికాయి. వాటిని ఎత్తినవాడు ఆ పరగణా కౌలుదారే, అరవై దాటిన మనిషి. మోకాళ్లు నొప్పులంటూనే కూర్చున్నాడు, లేచేటప్పుడు నేను చేయి అందించాను. సెప్టెంబర్ వచ్చాక ఇదే పొలం అంచున మంచె ఎక్కేది ఆయనే అని నాకు తెలుసు, ఇవే పిల్లలు గురికి రావచ్చనీ తెలుసు. అడిగాను. మిషన్ కింద కాళ్లు తెగి గంటసేపు అరిచి చావడం వేరు, ఒక్క తూటాకి తెలియకుండా పోవడం వేరు, రెండోదానికి నేను జవాబు చెప్పుకోగలను అన్నాడు. పదకొండింటికి కోత అయిపోయింది. పెట్టెలు గట్టు దగ్గర పొడుగు గడ్డిలోకి తీసుకెళ్లి మూతలు తీసి మేమందరం కార్ల దాకా వెనక్కి వచ్చేశాం. పావుగంట తర్వాత పక్క గోధుమలోంచి రెండు చెవులు లేచాయి. తల్లి ఒకసారి సన్నగా పిలిచింది. గడ్డి రెండు చోట్ల కదిలింది.